"లారీ వస్తే ఫోన్ చేస్తాను": ఒక ఫస్ట్ కండిషనల్ కేసు

శ్రీకాకుళం జిల్లా పలాస-కాశీబుగ్గలో సాయంత్రం పూట స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసులు చెప్పుకుంటున్నాను. పద్నాలుగేళ్లయింది. విద్యార్థుల తప్పుల్ని కేసుల్లా రాసుకునే అలవాటు ఉన్నా ఎవరికీ చూపించింది లేదు. దీన్ని బయటపెట్టడానికి కారణం ఒక్కటే. ఇందులో తప్పు చేసింది విద్యార్థి అని రెండు వారాలు అనుకున్నాను, చూస్తే ఆ తప్పులో సగం నేను నేర్పిందే. ఆ అమ్మాయి రాసుకోమంది కాబట్టి రాస్తున్నాను. పేరు, పనిచేసే చోటు రాయను.

ఆమెకు ఇరవై మూడేళ్లు. ఊరు ఇక్కడి ఉద్దానం ప్రాంతంలో, చదువు బీకాం, ఉద్యోగం ఒక జీడిపప్పు వ్యాపారి ఆఫీసులో. బిల్లులు కొట్టడంతో పాటు వాట్సాప్‌లో వచ్చే ఆర్డర్లకు జవాబులు రాయడం కూడా ఆమె పనే. ఇక్కడి వ్యాపారం తెలియనివాళ్ల కోసం ఒక మాట. పిక్కలు, అంటే పెంకు తీయని జీడిగింజలు, బస్తాల్లో లోపలికి వస్తాయి, పప్పు బయటి రాష్ట్రాలకు పోతుంది. పౌండు బరువుకు ఎన్ని గింజలు తూగుతాయన్న లెక్క మీద 240, 320 అని రకాలుంటాయి, అంకె చిన్నదైతే గింజ పెద్దది. కొనేవాళ్లలో చాలామందికి తెలుగు రాదు, మనవాళ్ల హిందీ అంతంతమాత్రం. అందుకని మధ్యలో ఇంగ్లీషు వచ్చి కూర్చుంటుంది. ఆ ఇంగ్లీషులో సగం వాక్యాలు "అయితే, గియితే" వాక్యాలే. డబ్బు వేస్తే సరుకు పంపుతాం, ఎక్కువ తీసుకుంటే రేటు తగ్గిస్తాం, బస్తా తడిస్తే వెనక్కి తీసుకుంటాం. వ్యాపారమంతా షరతుల మీదే నడుస్తుంది కదా.

దసరా ఆర్డర్లు జోరుగా ఉన్న రోజుల్లో ఒక పార్టీకి, అంటే సరుకు కొనే ఒకాయనకి, ఆమె ఇలా మెసేజ్ పెట్టింది: "ఇఫ్ ద లారీ విల్ కమ్, ఐ విల్ కాల్ యు." అవతలి మనిషి వెంటనే ఓనర్‌కి ఫోన్ చేసి, "లారీ ఖాయమా కాదా? కాకపోతే ఇప్పుడే చెప్పండి, వేరే చోట చూసుకుంటాను" అన్నాడట. ఓనర్ అందరి ముందూ కేకలేశాడు. మర్నాడు సాయంత్రం ఆ మెసేజ్ నాకు చూపించి, "ఏటి సార్, లారీ వస్తే ఫోన్ చేస్తానన్నాను. ఇందులో తప్పేటుంది?" అని అడిగింది. గొంతులో ఏడుపు కన్నా కోపం ఎక్కువుంది. అది మంచి లక్షణమే అనుకున్నాను.

నేను మెసేజ్ చూసీ చూడగానే రోగం పేరు చెప్పేశాను. ఇఫ్ ఉన్న భాగంలో విల్ రాకూడదు, ఫస్ట్ కండిషనల్‌లో, అంటే ముందు జరగబోయేదానికి షరతు పెట్టే వాక్యాల్లో, అందరూ చేసే తప్పే ఇది, రెండు క్లాసుల్లో పోతుంది అన్నాను. పోలేదు. పైగా ఆ పార్టీ ఎందుకు కంగారుపడ్డాడో నేను ఆలోచించనే లేదు. ఆ సంగతి తర్వాత వస్తుంది.

మొదటి వైద్యం

బోర్డు మీద సూత్రం రాశాను. ఇఫ్ తర్వాత ప్రెజెంట్ టెన్స్, రెండో భాగంలో విల్, దాని పక్కన మామూలు క్రియ. "ఇఫ్ ఇట్ రెయిన్స్, వుయ్ విల్ స్టే ఎట్ హోమ్." ఇరవై ఖాళీలు ఇచ్చి నింపమన్నాను. ఇరవైకి ఇరవై వచ్చాయి. బ్యాచ్‌లో మిగతావాళ్లకీ, అంటే రైల్వే పరీక్షలకు తయారవుతున్న ఇద్దరు అబ్బాయిలకీ, ఐటీఐ చేసిన ఒకతనికీ, ఒక గృహిణికీ, దాదాపు అలాగే వచ్చాయి. నేను సంతోషించాను.

ఆ వారంలో రాసిన మెసేజ్‌లు పార్టీల పేర్లు, రేట్లు కొట్టేసి కాపీ చేసుకు రమ్మన్నాను. పదకొండు తెచ్చింది. షరతు ఉన్న ప్రతి చోటా ఏదో ఒక తప్పుంది. కొన్నింట్లో పాత విల్ అలాగే కూర్చుని ఉంది. ఇంకొన్నింట్లో విల్ పోయింది కానీ ఈ రకం వాక్యాలు పుట్టాయి: "ఇఫ్ ద పార్టీ సెండ్ మనీ", "ఇఫ్ ద పేమెంట్ నాట్ కమ్".

ఇంగ్లీషు చెప్పే తోటివాళ్లు ఈ రెండో రకాన్ని కాస్త ఆగి చూడాలని నా మనవి. ఇవి అజాగ్రత్త వల్ల వచ్చినవి కావు. నేను "ఇఫ్ పక్కన విల్ తీసెయ్" అన్నాను, ఆమె అక్షరాలా అదే చేసింది. "ద పార్టీ విల్ సెండ్" లోంచి విల్ పీకేస్తే మిగిలేది "ద పార్టీ సెండ్". "ద పేమెంట్ విల్ నాట్ కమ్" లోంచి పీకేస్తే "ద పేమెంట్ నాట్ కమ్". విల్ ఉన్నంతసేపు క్రియ చివర ఎస్ అక్కర్లేదు, డజ్ నాట్ అక్కర్లేదు. ఆ పనులన్నీ విల్ ఒక్కటే మోస్తోంది. దాన్ని లాగేసి, ఆ బరువు ఎవరి మీద పెట్టాలో చెప్పకుండా వదిలేశాను. ఖాళీలు నింపే వ్యాయామంలో ఇది బయటపడదు, ఎందుకంటే బ్రాకెట్‌లో క్రియ ఇచ్చి "సరైన రూపం రాయుము" అంటే పిల్లలు అక్కడ ఎస్ గురించి ముందే జాగ్రత్త పడతారు. సొంతంగా రాసేటప్పుడు మనసులో ముందు విల్ వాక్యం తయారవుతుంది, తర్వాత కోత పడుతుంది.

అప్పటి నుంచి "విల్ తీసెయ్" అనే మాట మానేశాను. "రోజూ జరిగే సంగతిలా రాయి" అంటున్నాను. ద పార్టీ సెండ్స్ మనీ. ద పేమెంట్ డజ్ నాట్ కమ్. ముందు ఆ వాక్యం నిలబడ్డాక దాని నెత్తిన ఇఫ్ పెట్టమంటాను. డజ్ నాట్ అలవాటు కావడానికి మాత్రం రెండు వారాలు పట్టింది. తెలుగులో "రాకపోతే" అని ఒకే మాటతో అయిపోయేదానికి ఇంగ్లీషులో నాలుగు మాటలు పేర్చాలంటే ఎవరికైనా ఓపిక కావాలి.

విల్ ఎక్కడి నుంచి వచ్చింది

ఇన్నేళ్లూ ఈ తప్పు గురించి ఎవరడిగినా "తెలుగు ప్రభావం" అనేవాణ్ని. అలా అంటే ఇంకెవరూ ప్రశ్న వెయ్యరు. ఈసారి ఆమెనే అడిగాను, ఇఫ్ పక్కన విల్ ఎందుకు పెడుతున్నావమ్మా అని. "రేపటి సంగతి కదా సార్. రేపు అంటే విల్ అని మీరే కదా చెప్పారు" అంది. నోట్సు తీసి చూపించింది. మొదటి వారం పేజీలో నా మాటే, కింద రెండు గీతలు కొట్టి మరీ రాసుకుంది: టుమారో అంటే విల్.

ఆ రాత్రి కూర్చుని తెలుగు వాక్యాలు రాసుకున్నాను. "నిన్న వెళ్తే షాపు మూసేసి ఉంది." "రోజూ వెళ్తే పలకరిస్తాడు." "రేపు వెళ్తే దొరుకుతాడు." నిన్నకీ రోజుకీ రేపటికీ ఒకటే "వెళ్తే". ఆ మాటలో కాలం లేదు. కాలమంతా చివరి క్రియలో ఉంది. పదో తరగతి తెలుగులో చేదర్థకం అని చదువుకున్నది ఇదే. అందులోంచి భవిష్యత్తును లాగడం ఎవరి వల్లా కాదు. మరి మన భాషలోనే షరతు భాగంలో భవిష్యత్తు లేనప్పుడు, అది ఇంగ్లీషులోకి తెలుగు నుంచి ఎలా వెళ్తుంది? వెళ్లదు. ఇంగ్లీషు కూడా అక్కడ భవిష్యత్తు గుర్తు పెట్టనంటోంది. ఈ ఒక్క విషయంలో రెండు భాషలూ ఒకే దారిలో ఉన్నాయి, మధ్యలో అడ్డం పడింది నా "టుమారో అంటే విల్".

మర్నాడు క్లాసులో సూత్రం చెరిపేసి ఒక్క తెలుగు వాక్యం రాశాను: "డబ్బు వేస్తే సరుకు పంపిస్తాం." విల్ ఎక్కడ కూర్చోవాలో వేలితో చూపించమన్నాను. ఎవరూ తప్పు చూపించలేదు. "పంపిస్తాం"లో తాం ఉన్న చోట. "వేస్తే"లో అది పెట్టే చోటే లేదు. ఇదే వరసలో "వచ్చాక", "వచ్చేదాకా", "వచ్చేలోపు" కూడా రాశాను. వీటిలోనూ కాలం లేదు, ఇంగ్లీషులో వెన్, అంటిల్, బిఫోర్ పక్కనా విల్ రాదు. "వెన్ ద లారీ కమ్స్", "అంటిల్ ద లారీ కమ్స్". నాలుగు వేర్వేరు పాఠాలుగా చెప్పేవాణ్ని వీటిని. ఒక్క పూటలో అయిపోయాయి.

తెలుగు నిజంగా ఇబ్బంది పెట్టేది రెండో భాగంలో. మన "పంపిస్తాం" అలవాటుకీ చెల్లుతుంది, రేపటి మాటకీ చెల్లుతుంది. అందుకే ఆమె మెసేజ్‌లలో "ఇఫ్ యు పే అడ్వాన్స్, వుయ్ సెండ్ ద లోడ్" అని వచ్చేది. వ్యాకరణం ప్రకారం తప్పు కాదు, జీరో కండిషనల్ అంటారు. కానీ అది మా దుకాణం పద్ధతి చెప్పినట్టుంటుంది, గోడ మీద బోర్డులా. ఈ పార్టీకి, ఈ ఆర్డరుకి మాట ఇచ్చినట్టు ఉండదు. మాట ఇవ్వాలంటే విల్ కావాలి. "ఇది బోర్డా, మాటా?" అని అడిగితే ఇప్పుడు బ్యాచ్ మొత్తం టక్కున చెప్తుంది. నీళ్లు కాస్తే మరుగుతాయి, బోర్డు. సోమవారం డబ్బు పడితే మంగళవారం లోడు ఎత్తుతాం, మాట.

అసలు జబ్బు

మూడో వారంలో గానీ ఆ పాత మెసేజ్ మళ్లీ తీయలేదు. విల్ సరిచేసి రాయించాను: "ఇఫ్ ద లారీ కమ్స్, ఐ విల్ కాల్ యు." సూత్రం ప్రకారం నూటికి నూరు. ఇది చూస్తే ఆ పార్టీ ఏమంటాడని అడిగాను. ఐటీఐ అబ్బాయి చదివి, "ఇప్పుడు మాత్రం లారీ వస్తుందని ఎక్కడుంది సార్?" అన్నాడు.

నాకు అక్కడ వెలిగింది. అవతలివాడిని భయపెట్టింది విల్ కాదు, ఇఫ్. నేను పదిహేను రోజులుగా మందు వేరే చోట రాస్తున్నాను.

తెలుగులో "లారీ వస్తే ఫోన్ చేస్తాను" అంటే వినేవాడికి అనుమానం రాదు. "వచ్చాక చేస్తా" అన్నంత మామూలుగా అంటాం. మన "తే" ఇఫ్ పనీ చేస్తుంది, వెన్ పనీ చేస్తుంది. సందర్భాన్ని బట్టి వినేవాడే తేల్చుకుంటాడు. ఇంగ్లీషులో ఆ తేల్చే పని చెప్పేవాడిదే. ఇఫ్ అన్నామా, రాకపోవచ్చు కూడా అని మనమే చెప్పినట్టు.

"లారీ రాకపోతే?" అని ఆమెను అడిగాను. "ఎందుకు రాదు సార్? అప్పటికే నరసన్నపేట దాటీసింది" అంది. అయితే అక్కడ ఇఫ్‌కి చోటు లేదు. "వెన్ ద లారీ కమ్స్, ఐ విల్ కాల్ యు" అంటే ఓనర్ తిట్లు తప్పేవి.

ఆ ప్రశ్నే మాకు పరీక్ష అయిపోయింది. "తే" ఉన్న మాటను "కపోతే" చేసి చూడాలి. అర్థం ఉంటే ఇఫ్, నవ్వొస్తే వెన్. "వర్షం పడితే." పడకపోతే? ఉంది, కాబట్టి ఇఫ్. "తెల్లారితే బయల్దేరతాం." తెల్లారకపోతే? క్లాసంతా నవ్వింది, వెన్. "మంచు ఎక్కువ పడితే జీడి పూత మాడిపోతుంది." పడకపోతే? ఉద్దానం రైతు ప్రతి ఏడాదీ దేవుణ్ని కోరుకునేదే అది, ఇఫ్. ఇంట్లో, బజార్లో విన్న "తే" వాక్యాలు రోజుకి పది రాసుకు రమ్మన్నాను. పుస్తకాల్లో వాన పడితే మ్యాచ్ రద్దు, రైలు తప్పితే టాక్సీ అని ఉంటాయి. ఇవి పిల్లల నోట్లో నిలవవు. సొంత వాక్యాలు నిలుస్తాయి.

ఆమె తెచ్చిన పదిలో ఒకటి ఓనర్ ఆఫీసులో ఎవరితోనో అన్న మాట: "పెళ్లయితే ఈ పిల్ల మానేస్తుంది." దాన్ని బోర్డు మీద రాయమంటే ఇఫ్‌తో రాసింది. గృహిణి ఊరుకోలేదు, "పెళ్లి కాకుండా ఉంటావేంటమ్మా, వెన్ పెట్టు" అంది. "లేదక్కా, ఇఫే. వెన్ పెడితే మానేస్తానని నేనే ఒప్పుకున్నట్టు" అంది ఆ అమ్మాయి. నిజానికి వెన్, ఇఫ్ పెళ్లికే వర్తిస్తాయి, మానెయ్యడానికి కాదు. వ్యాకరణం మాస్టారుగా ఆ మాట చెప్పాల్సింది. చెప్పలేదు.

చిన్న చిన్నవి

అన్‌లెస్ దగ్గర నేను అనుకున్నంత యుద్ధం జరగలేదు. దాన్ని "ఇఫ్ నాట్" అని నేర్పితే పిల్లలు ఇంకో నాట్ కలుపుతారు, "అన్‌లెస్ యు డోంట్ పే" అని. "తే తప్ప" అని నేర్పితే ఆ తప్పు రాదు. "అడ్వాన్స్ వేస్తే తప్ప లోడు కదలదు." మొదటి భాగంలో కాదు అనే మాట లేదు, రెండో భాగంలో ఉంది. ఇంగ్లీషులోనూ అంతే: "అన్‌లెస్ యు పే ద అడ్వాన్స్, ద లోడ్ విల్ నాట్ మూవ్." తెలుగు వాక్యం మీద ఇంగ్లీషు వాక్యాన్ని పరిస్తే అంచులు కలుస్తాయి.

ఇన్ కేస్ అనేది తుపాను దగ్గర వచ్చింది. అక్టోబరు వస్తే మా క్లాసులో ఉదాహరణలు వాటంతటవే అటు పోతాయి. తిత్లీ తుపాను 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గరే తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు వేళ్లతో సహా లేచిపోయాయి, ఊళ్లకు రోజుల తరబడి కరెంటు లేదు. ఈ బ్యాచ్‌లో అందరికీ అది గుర్తుంది. రైల్వే అబ్బాయిల్లో ఒకడు "ఇఫ్ ద పవర్ గోజ్, బై క్యాండిల్స్" అని రాశాడు. వాక్యంలో తప్పు లేదు, కానీ ఆ లెక్కన కరెంటు పోయాక చీకట్లో కొట్టుకి పరిగెత్తాలి. వాడు చెప్పదలచుకుంది "పోతుందేమోనని కొనిపెట్టుకోండి" అని. ఆ "ఏమోనని"కి ఇంగ్లీషులో ఇన్ కేస్: "బై క్యాండిల్స్ ఇన్ కేస్ ద పవర్ గోజ్." ఇక్కడా విల్ లేదని వాడే గమనించాడు.

విల్ బదులు రెండో భాగంలో కెన్, మే, మస్ట్ రావచ్చని, ఒక్కోసారి ఏమీ లేకుండా ఆజ్ఞే ఉండొచ్చని ఒక పూటలో చెప్పేశాను. "ఇఫ్ ద బ్యాగ్ ఈజ్ వెట్, డు నాట్ లోడ్ ఇట్." ఇఫ్ భాగం ముందొస్తే కామా, వెనకొస్తే అక్కర్లేదు. ఇంత కన్నా దీని మీద సమయం పెట్టక్కర్లేదు. "ఇఫ్ పేమెంట్ కమ్స్ మీన్స్" అనే మన ఊరి మీన్స్ మాత్రం పోలేదు. "వస్తుందంటే"లోని అంటే అది. మెసేజ్‌లో రాయదు, ఫోన్‌లో అంటుంది. వదిలేశాను.

ఒక్కటి వదలబుద్ధి కాలేదు. ఇఫ్ పక్కన విల్ ఎన్నడూ రాదని చెప్పేస్తే అదీ అబద్ధమే. ఒక పెద్ద కంపెనీ కొనుగోలు ఆఫీసు నుంచి ఆమెకు మెయిల్ వచ్చింది: "ఇఫ్ యు విల్ కన్ఫర్మ్ ద రేట్ టుడే, వుయ్ విల్ ప్లేస్ ద ఆర్డర్." పరిగెత్తుకొచ్చింది, వాళ్లూ తప్పు రాశారు చూడండి సార్ అని. ముఖంలో ఆనందం చెప్పలేను. కానీ అది తప్పు కాదు. అక్కడ విల్ రేపటి కోసం రాలేదు, ఇష్టం కోసం వచ్చింది. రేటు ఖాయం చేసేందుకు మీరు ఒప్పుకుంటే అని, కాస్త మర్యాదగా అడగడం. తెలుగులో దీనికి "చేస్తే" చాలదు, "చేస్తానంటే" అనాలి. "నువ్వు వస్తే టికెట్ తీస్తాను", "నువ్వు వస్తానంటే టికెట్ తీస్తాను", ఈ రెంటికీ తేడా తెలియని తెలుగువాడు లేడు. "తానంటే" దగ్గర మాత్రం విల్‌కి అనుమతి. వర్షం వస్తానంటే అనం కదా, అందుకే "ఇఫ్ ఇట్ విల్ రెయిన్" అనకూడదు.

ఎంత నయమైంది

ఎనిమిదో వారం చివర మళ్లీ మెసేజ్‌లు తెమ్మన్నాను. ఈసారి తొమ్మిది. ఇఫ్ పక్కన విల్ ఒక్కచోటా లేదు. ఒకచోట ఎస్ ఎగిరిపోయింది, "ఇఫ్ ద రేట్ ఫాల్". రెండు చోట్ల ఇఫ్ రాసి కొట్టేసి వెన్ పెట్టానని తనే చెప్పింది. ఇది నాకు అన్నిటికన్నా ముఖ్యం. సూత్రం గుర్తుండి ఎవరూ అలా కొట్టెయ్యరు. లారీ వస్తుందా రాదా అని ఆలోచించినవాళ్లే కొట్టేస్తారు. ఓనర్ ఇప్పుడు ఆమె మెసేజ్‌లు చూడకుండానే పంపమంటున్నాడట. జీతం మాత్రం పెంచలేదు.

నేను మార్చుకున్నది మొదటి వారం పాఠం. "టుమారో అంటే విల్" అని ఇక చెప్పడం లేదు. "చివరి క్రియ రేపటిదైతే అక్కడ విల్" అంటున్నాను. పాత బ్యాచ్‌లలో ఎంతమంది నోట్సుల్లో ఆ రెండు గీతల వాక్యం ఉందో తలచుకోవడం నాకిష్టం లేదు.

మిగిలింది ఫోన్. రాసేటప్పుడు ఆగి చూసుకోవచ్చు, ఫోన్‌లో అవతలివాడు ఆగనివ్వడు. మొన్న భువనేశ్వర్ బ్రోకర్‌తో మాట్లాడుతుంటే "ఇఫ్ ద రేట్ విల్..." అని నోటికొచ్చిందట. "నాకే వినబడింది సార్. హలో హలో, సిగ్నల్ లేదండీ అని కట్ చేసి, మళ్లీ చేసి సరిగ్గా చెప్పాను" అంది.